హెచ్.ఎం. కంటే ముందు మాంట్రియల్‌లో ఇద్దరు

మెదడులో జ్ఞాపకం చోటు ఎలా దొరికిందో చెప్పమంటే పాఠ్యపుస్తకాలన్నీ ఒకే కథ చెబుతాయి. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో డాక్టర్ స్కోవిల్ మూర్ఛవ్యాధి తగ్గించడానికి హెన్రీ మోలైసన్‌కు మెదడుకు ఇరువైపులా ఆపరేషన్ చేశాడు. హెచ్.ఎం.గా పేరుపడ్డ ఆ రోగికి ఆ తర్వాత కొత్త సంగతులేవీ గుర్తుండలేదు. శాస్త్రం అతనితోనే మలుపు తిరిగిందంటారు. సంఘటన నిజమే, వరస మాత్రం సరికాదు.

1885లో మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ మరపును కొలవడం, 1950లో మరో మనస్తత్వవేత్త లాష్లీ ఎలుకల మెదళ్లలో జ్ఞాపకానికి ప్రత్యేకమైన చోటు దొరకలేదనడం తెలిసినవే. తర్వాతి అయిదేళ్ల దగ్గరే అసలు పేచీ.

హెచ్.ఎం. కంటే ముందే మాంట్రియల్‌లో మెదడు శస్త్రవైద్యుడు పెన్‌ఫీల్డ్ ఆపరేషన్ చేసిన రోగులు ఇద్దరున్నారు: పి.బి., ఎఫ్.సి. ఒకరు సివిల్ ఇంజనీరు, మరొకరు చేతి తొడుగులు కత్తిరించే పనివాడు. ఎడమ కణత వైపు, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంతో సహా కొంత భాగం తీసేశాక ఇద్దరూ కొత్త జ్ఞాపకాలు నిలుపుకోలేకపోయారు. ఒక్క వైపు తీస్తే అంత నష్టం ఎందుకు? కుడివైపు హిప్పోకాంపస్ అంతకుముందే చెడిపోయి ఉండాలని పెన్‌ఫీల్డ్, ఆయనతో పనిచేసిన మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ ఊహించారు. 1955లో ఈ ఇద్దరి గురించి వారు రాసిన సారాంశం చదివిన స్కోవిల్, తన రోగిలోనూ ఇదే చూశానని ఫోన్ చేశాడు. అలా మిల్నర్ హార్ట్‌ఫర్డ్ వెళ్లింది. హెచ్.ఎం. గురించి స్కోవిల్, మిల్నర్ రాసిన 1957 నాటి ప్రసిద్ధ వ్యాసం పుట్టింది అక్కడే.

స్కోవిల్ వాటా తగ్గించనక్కర్లేదు. తీవ్రమైన మరపు గురించి 1954లోనే రాశాడు. మాంట్రియల్ వాళ్లది అప్పటికి ఊహే. కానీ 1964లో పి.బి. చనిపోయాక శవపరీక్షలో కుడి హిప్పోకాంపస్ కుంచించుకుపోయి కనిపించింది. కంటికి కనబడని గాయాన్ని ప్రవర్తన చూసి ముందే చెప్పగలగడం గొప్ప విషయం. హెచ్.ఎం. కేసేమో అనుకున్నంత స్పష్టమైనది కాదు. అతని మెదడును పరీక్షించి 2014లో ప్రచురించిన ఫలితాల్లో, హిప్పోకాంపస్ వెనుక భాగం చెప్పుకోదగినంత మిగిలే ఉందని తేలింది.

ఇప్పుడు స్కానర్ల కాలం. ఎం.ఆర్.ఐ. చిత్రాల్లో మెరిసే చోట్లను చూసి ఆలోచన పట్టుబడిందనుకునే తొందర నాకు రుచించదు. మనుషుల మధ్య తేడాలను మెదడు కొలతలతో ముడిపెట్టాలంటే వేలమంది కావాలని 2022లో ఒక పెద్ద విశ్లేషణ చూపింది. పాతికమందితో తేల్చేసినవాటిలో ఎన్ని నిలుస్తాయో అనుమానమే. యంత్రాలు పెరిగినా, ఒక్కో రోగితో ఏళ్లతరబడి కూర్చుని పరీక్షించిన మిల్నర్ ఓపిక అరుదైపోయింది. పాఠాలు రాసేవారు ఇకనైనా హెచ్.ఎం.కు ముందు పి.బి., ఎఫ్.సి.ల గురించి చెప్పాలి.