ఫ్రీలాన్సర్ల చెల్లింపు, వాపసు వివాదాలు: ఎవరు ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

వెబ్‌సైట్ చేయించుకున్న వ్యాపారి తాను అడిగింది ఇది కాదంటాడు. చేసి ఇచ్చిన యువకుడు మూడుసార్లు మార్చి ఇచ్చానంటాడు. ఒకరు అడ్వాన్సు వాపసు ఇమ్మంటారు, మరొకరు మిగిలిన పారితోషికం చెల్లించమంటారు. ఆన్‌లైన్‌లో పనులు చేసి ఇచ్చే ఫ్రీలాన్సర్లకూ, వారి క్లయింట్లకూ మధ్య వచ్చే చాలా తగాదాల తీరు ఇదే. వివాదంలోని సొమ్ము ఇరవై, ముప్పై వేలయితే న్యాయవాదికీ, వాయిదాలకూ అయ్యే ఖర్చు అంతకు మించిపోవచ్చు. ఎగవేసేవారి ధీమా కూడా అదే. అయితే సివిల్ దావా ఒక్కటే మార్గం కాదు.

స్టాంపు కాగితంపై రాసుకోలేదు కాబట్టి ఒప్పందమే లేదన్న వాదన నిలవదు. ఈ-మెయిల్, వాట్సాప్ సందేశాల ద్వారా కుదిరిన ఒప్పందాన్ని కేవలం ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న కారణంతో తోసిపుచ్చరాదని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఎ సెక్షన్ చెబుతోంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయబద్ధంగా చేసిన పని ఫలితాన్ని మరొకరు అనుభవిస్తే, ప్రతిఫలం చెల్లించవలసిందేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ నిర్దేశిస్తోంది. అయితే స్క్రీన్‌షాట్‌లతోనే సరిపెట్టుకోకూడదు. అసలు సందేశాలను ఫోన్‌లో, మెయిల్‌లో చెరిపేయకుండా ఉంచాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాల్సి ఉంటుంది.

అప్‌వర్క్, ఫ్రీలాన్సర్ డాట్‌కామ్ వంటి వేదికల ద్వారా కుదిరిన పనికి మొదటి రక్షణ ఎస్క్రో. అంటే క్లయింట్ సొమ్మును ముందే వేదిక వద్ద జమ చేయడం. అప్‌వర్క్‌లో స్థిర ధరకు ఒప్పుకున్న పనిని అప్పగించి చెల్లింపు కోరాక, క్లయింట్ 14 రోజుల్లో స్పందించకపోతే సొమ్ము విడుదలవుతుంది. ఈ గడువు ఇద్దరికీ ముఖ్యమే. లోపం కనిపించినా మౌనంగా ఉన్న క్లయింట్ నష్టపోతాడు. కమీషన్ తప్పించుకుందామని వేదిక బయట చెల్లింపులకు ఒప్పుకుంటే మాత్రం ఇద్దరూ ఈ రక్షణను వదులుకున్నట్లే.

దేశంలోని క్లయింట్‌తో నేరుగా కుదిరిన పనికి 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం బలమైన ఆసరా. ఫ్రీలాన్సర్లలో చాలామంది దీన్ని ఫ్యాక్టరీల చట్టంగానే భావిస్తారు. నిజానికి సేవలందించే ఒంటరి వ్యక్తి కూడా ఉద్యమ్ పోర్టల్‌లో రుసుము లేకుండా సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటరాదు. గడువేదీ రాసుకోకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. పని అందిన 15 రోజుల్లోగా క్లయింట్ లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపకపోతే దాన్ని ఆమోదించినట్లే చట్టం పరిగణిస్తుంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలుకు కలిసే చక్రవడ్డీ పడుతుంది.

ఫిర్యాదును ఆన్‌లైన్‌లో రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పంపవచ్చు. విజయవాడలోని అనువాదకురాలికి ముంబయి సంస్థ బాకీ పడితే ఆమె ముంబయి వెళ్లనక్కరలేదు, పనిచేసిన వారి ప్రాంతంలోని కౌన్సిలే విచారిస్తుంది. ముందు రాజీ, అది కుదరకపోతే మధ్యవర్తిత్వం. తీర్పును సవాలు చేయదలచిన క్లయింట్ అందులో 75 శాతం ముందుగా జమ చేయాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెప్పినా, ఆచరణలో జాప్యం తప్పడం లేదు. పని ఒప్పుకోకముందే నమోదు చేసుకోవడం క్షేమం. తరువాత నమోదైన వారికి ఈ హక్కు వర్తిస్తుందా అన్నదానిపై న్యాయస్థానాల్లో వాదోపవాదాలు నడిచాయి.

తగ్గి వచ్చిన ప్రతి చెల్లింపూ ఎగవేత కాదు. వృత్తి సేవల పారితోషికంపై క్లయింట్ సాధారణంగా 10 శాతం పన్నును మూలంలోనే కోత విధిస్తారు. ఆ మొత్తం ఫ్రీలాన్సర్ పాన్ ఖాతాలో జమైందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకున్నాకే నోటీసు పంపడం మేలు.

వాపసు కోరే క్లయింట్ సొంత అవసరానికి పని చేయించుకుని ఉంటే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఉదాహరణకు పెళ్లి ఆల్బమ్ చేయించుకున్నవారు. సేవ లోపభూయిష్ఠమైతే, బిల్లులో వేరే గడువు లేనప్పుడు 30 రోజుల్లో సొమ్ము వాపసు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంటోంది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. సలహాకు 1915 నంబరు ఉంది. వ్యాపారం కోసం చేయించుకున్న పనులకు సాధారణంగా ఈ చట్టం వర్తించదు. పారితోషికం రాని ఫ్రీలాన్సర్ కూడా దీని కింద క్లయింట్‌పై ఫిర్యాదు చేయలేరు.

సొమ్ము చిన్నదై, ఇద్దరూ మాట్లాడుకునే స్థితిలో ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్ ఉత్తమం. దావా వేయకముందే అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు.

విదేశీ క్లయింట్ విషయంలో ఇక్కడి తీర్పును అక్కడ అమలు చేయించుకోవడం చిన్న మొత్తాలకు గిట్టుబాటు కాదు. అటువంటి పనులను దశలుగా విడగొట్టి, ఒక దశ సొమ్ము అందాకే తరువాతి దశ మొదలుపెట్టడం మేలు. ఇక రిజిస్ట్రేషన్, సెక్యూరిటీ డిపాజిట్ పేరిట పని ఇచ్చేవారే ఎదురు డబ్బు అడిగితే అది చెల్లింపు వివాదం కాదు, మోసం. దానికి సైబర్ నేరాల సహాయ నంబరు 1930.