మెదడు పనితీరుకు విద్యుత్ అవరోధ చిత్రణ

నాడీకణాలు స్పందించినప్పుడు కణజాలపు విద్యుత్ అవరోధంలో వచ్చే మార్పులను చిత్రంగా మలిచే పద్ధతి ఇది. దీన్ని ఎలక్ట్రికల్ ఇంపెడెన్స్ టోమోగ్రఫీ, క్లుప్తంగా ఈఐటీ అంటారు. తలపైనో, నేరుగా మెదడు ఉపరితలంపైనో అమర్చిన ఎలక్ట్రోడ్లలో ఒక జత గుండా హాని చేయనంత స్వల్ప ఏకాంతర విద్యుత్తును పంపి, మిగతా వాటి దగ్గర వోల్టేజీని కొలుస్తారు. జతలు మారుస్తూ సేకరించిన కొలతల నుంచి లోపలి వాహకత పటాన్ని కంప్యూటర్ గణిస్తుంది.

దీని మూలం 1939 నాటిది. నాడీ ప్రచోదనం సాగేటప్పుడు అయాన్ల దారులు తెరుచుకుని, కణపొర నిరోధం సుమారు 40 రెట్లు పడిపోతుందని శాస్త్రవేత్తలు కోల్, కర్టిస్‌లు స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువుపై చూపారు. అయితే కణజాలం మొత్తంగా చూస్తే ఈ మార్పు చాలా స్వల్పం. విద్యుత్తులో అధికభాగం కణాల బయటి ద్రవం గుండానే పోవడం ఇందుకు కారణం. రక్త పరిమాణంలో మార్పు, మూర్ఛలో కణాల వాపు వంటివి నెమ్మదిగా వచ్చినా, వాటి ప్రభావం ఇంతకంటే పెద్దది.

తలపై నుంచి చిత్రించడానికి అసలు అడ్డంకి పుర్రె. ఎముక నిరోధం ఎక్కువ కాబట్టి పంపిన విద్యుత్తు చాలావరకు తలచర్మంలోనే పక్కదారి పడుతుంది. అందుకే స్పష్టమైన ఫలితాలు పుర్రె తెరిచిన జంతువులలోనే వచ్చాయి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో డేవిడ్ హోల్డర్ బృందం ఎలుక మీసాలను కదిపి, మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో స్పందన వ్యాపించే తీరును సుమారు 1 మిల్లీసెకను, 200 మైక్రోమీటర్ల లోపు సూక్ష్మతతో చిత్రించి 2016లో ప్రచురించింది. ఫంక్షనల్ ఎంఆర్ఐ రక్తప్రవాహం ద్వారా పరోక్షంగా, సెకన్ల ఆలస్యంతో చూపేదాన్ని ఇది నేరుగా పట్టుకోగలిగింది. మూర్ఛ ఎక్కడ మొదలవుతుందో గుర్తించడం దీని ముఖ్య లక్ష్యాలలో ఒకటి.