ఏపీకి సొంత జెండా ఉందా? పూర్ణకుంభం ఉన్న ఆ తెల్ల జెండా అసలు కథ ఇదీ!

విశాఖపట్నం, వన్ టౌన్: ఆగస్టు 15 దగ్గరపడితే చాలు.. ఫోన్లలో జెండా బొమ్మల షేరింగ్ మొదలవుతుంది. వాటిలో అప్పుడప్పుడు ఓ తెల్ల జెండా కూడా కనిపిస్తుంది. మధ్యలో పూర్ణకుంభం, పైన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫ్లాగ్ అనే పేరు. మరి నిజంగానే మన రాష్ట్రానికి జెండా ఉందా?

ఒక్క మాటలో చెప్పాలంటే లేదు. ఏపీకి అధికారిక జెండా అంటూ ఏదీ లేదు. తెలంగాణకూ లేదు. వన్ టౌన్‌లో ఏ సర్కారు ఆఫీసు మీద చూసినా ఎగిరేది మువ్వన్నెల జెండానే.

మరి ఆ పూర్ణకుంభం ఏంటి?
అది రాష్ట్ర చిహ్నంలోని బొమ్మ. జెండా కాదు. తామరలతో నిండిన ఈ కలశం అమరావతి స్తూపం శిల్పాల నుంచి వచ్చింది. నిండుతనానికి, సమృద్ధికి గుర్తు. పాత చిహ్నంలోనూ ఇదే ఉండేది. అమరావతి శిల్పకళ స్టైల్‌లో తీర్చిదిద్దిన ఇప్పటి చిహ్నం 2018 నవంబర్‌లో వచ్చింది. ఆ చిహ్నాన్ని తెల్ల గుడ్డ మీద పెడితే రాష్ట్ర జెండా అయిపోదు.

రాష్ట్రాలకు జెండా ఉండకూడదా?
రాజ్యాంగంలో ఈ ప్రస్తావనే లేదు. జమ్మూకశ్మీర్‌కు 1952 నుంచి సొంత జెండా ఉండేది. ఎర్ర రంగు మీద తెల్ల నాగలి, మూడు నిలువు గీతలు. నాగలి వ్యవసాయానికి, గీతలు జమ్మూ, కశ్మీర్, లద్దాఖ్‌లకు గుర్తు. 2019లో ప్రత్యేక హోదా రద్దుతో అదీ పోయింది. కర్ణాటక 2018 మార్చిలో పసుపు, తెలుపు, ఎరుపు జెండా సిద్ధం చేసింది కానీ కేంద్రం ఆమోదం రాలేదు.

జాతీయ జెండాలో మనవాళ్లు
సొంత జెండా లేదని ఫీల్ అవ్వాల్సిన పనిలేదు. దేశం జెండా వెనుక ముగ్గురు తెలుగువాళ్లున్నారు.

మొదటివారు పింగళి వెంకయ్య. ఊరు మచిలీపట్నం దగ్గరి భట్లపెనుమర్రు. 1916లోనే జెండా నమూనాలతో పుస్తకం వేశారు. 1921లో విజయవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి ఎరుపు, ఆకుపచ్చ జెండా ఇచ్చారు. తెలుపు కూడా చేర్చమన్నది గాంధీజీ.

రెండోవారు భోగరాజు పట్టాభి సీతారామయ్య. రంగులను మతాలతో ముడిపెట్టడంపై అభ్యంతరాలు రావడంతో 1931లో కాంగ్రెస్ కమిటీ వేసింది. దాని కన్వీనర్ ఈయనే. ఆ ఏడాదే కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్యలో చరఖా ఖరారయ్యాయి. రంగులకు మతాలతో సంబంధం లేదని తేల్చేశారు.

మూడోవారు సర్వేపల్లి రాధాకృష్ణన్. మన వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీకి 1931 నుంచి 1936 దాకా వైస్ ఛాన్సలర్. 1947 జులై 22న రాజ్యాంగ సభ చరఖా స్థానంలో అశోక చక్రంతో జెండాను ఆమోదించినప్పుడు, దాని అర్థం సభలో వివరించారు. కాషాయం త్యాగానికి, తెలుపు సత్యమార్గానికి, ఆకుపచ్చ నేలతో మన బంధానికి గుర్తులని చెప్పారు. చక్రం అంటే ధర్మం, ఆగని కదలిక.

జెండా కొంటున్నారా? ఇవి చూసుకోండి
* పొడవు, ఎత్తు 3:2 నిష్పత్తిలో ఉండాలి. కాషాయం పైన, చక్రానికి 24 ఆకులు.
* 2021 డిసెంబర్ సవరణ తర్వాత పాలిస్టర్ జెండాలూ ఓకే.
* 2022 జులై నుంచి ఇంటి మీద రాత్రి కూడా ఉంచొచ్చు.
* చిరిగినది, మాసినది ఎగరేయొద్దు. జెండా మీద ఏమీ రాయొద్దు.
* రాష్ట్ర చిహ్నాన్ని వ్యాపారానికి వాడటం 1950 నాటి చట్టం ప్రకారం నిషేధం. షాపు బోర్డు మీద, సరుకు మీద వేయించకండి.

ఇక ఆ తెల్ల జెండా మీ గ్రూపులోకి మళ్లీ వస్తే.. ఫార్వర్డ్ చేసే ముందు అసలు విషయం చెప్పండి.