టికెట్ కంటే ముందు పునాది: బెర్నీ గ్రాంట్

ప్రాతినిధ్యం అంటే కుర్చీ దొరకడమేనా? రిజర్వుడు నియోజకవర్గాల గురించి చెప్పిన ప్రతిసారీ నా విద్యార్థులు అడిగే ప్రశ్న ఇదే. అప్పుడు నేను బెర్నీ గ్రాంట్ కథ చెబుతాను.

గ్రాంట్ 1944లో బ్రిటిష్ గయానాలోని జార్జ్‌టౌన్‌లో పుట్టారు. 1963లో ఇంగ్లాండ్ వచ్చి రైల్వేలో గుమాస్తాగా చేరారు. తర్వాత స్కాట్లండ్‌లో మైనింగ్ ఇంజనీరింగ్ చదువుతూ మధ్యలో వదిలేశారు. దక్షిణాఫ్రికాలో శిక్షణ అవకాశాలు తెల్ల విద్యార్థులకే ఇవ్వడం మీద అది ఆయన నిరసన. ఆ తర్వాత టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం, దాంతోపాటే కార్మిక సంఘం. రాజకీయం ఆయన నేర్చుకున్న బడి అదే.

1978లో ఉత్తర లండన్‌లోని హారింగే కౌన్సిల్‌కు లేబర్ పార్టీ తరఫున ఎన్నికయ్యారు. 1985లో ఆ కౌన్సిల్ నాయకుడయ్యారు. బ్రిటన్‌లో ఆ స్థానానికి చేరిన తొలి నల్లజాతి వాళ్లలో ఆయన ఒకరు.

అదే ఏడాది అక్టోబర్ 5న పోలీసులు సోదా చేస్తుండగా సింథియా జారెట్ అనే నల్లజాతి తల్లి తన ఇంట్లోనే కుప్పకూలి చనిపోయింది. మర్నాడు బ్రాడ్‌వాటర్ ఫామ్ కాలనీ భగ్గుమంది. ఆ అల్లర్లలో కీత్ బ్లేక్‌లాక్ అనే పోలీసు హత్యకు గురయ్యాడు. పోలీసులకు గట్టిగా దెబ్బలు పడ్డాయని కాలనీ యువకులు అనుకుంటున్నారని గ్రాంట్ బయటికి చెప్పారు. పత్రికలు విరుచుకుపడ్డాయి. సొంత పార్టీ నాయకుడు నీల్ కిన్నాక్ కూడా ఖండించారు. ఒక మనిషి ప్రాణం పోయిన వేళ ఆ మాట చాలామందిని గాయపరిచిందన్నదీ నిజమే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ కాలనీ ఇళ్లు కౌన్సిల్‌వి. లండన్ పోలీసులు మాత్రం కౌన్సిల్ చేతిలో లేరు, అప్పట్లో వాళ్లు హోం మంత్రి కింద ఉండేవాళ్లు. ఇల్లు ఇచ్చే అధికారం ఒకచోట, ఆ ఇంటి తలుపు బద్దలుకొట్టే అధికారం ఇంకోచోట. అందుకే పార్లమెంటు అవసరమైంది.

లేబర్ పార్టీలో నల్లజాతి సభ్యులు తమకు ప్రత్యేక విభాగాలు కావాలని ఆ రోజుల్లోనే పోరాడారు. గ్రాంట్ అందులో ముందున్నారు. పార్టీ మహాసభలు ఒప్పుకోలేదు. అయినా ఆ ఒత్తిడి ఊరికే పోలేదు. 1987 ఎన్నికల్లో డయాన్ అబాట్, పాల్ బోటెంగ్, కీత్ వాజ్‌లతో పాటు టోటెన్‌హామ్ నుంచి గ్రాంట్ గెలిచారు. పార్లమెంటు ప్రారంభ సభకు ఆఫ్రికా సంప్రదాయ దుస్తుల్లో వెళ్లారు. 1993లో బానిసత్వానికి పరిహారం కోరుతూ ఉద్యమ సంస్థ పెట్టారు. 2000లో చనిపోయే దాకా టోటెన్‌హామ్ ఎంపీగానే ఉన్నారు.

గ్రాంట్‌కు రిజర్వేషన్ లేదు. మనకు ఉంది, అది పోరాడి తెచ్చుకున్న హక్కు. కానీ 1932 పూనా ఒప్పందం తర్వాత మన సీట్లలో మన మనిషే నిలబడినా, ఎవరు గెలవాలో తేల్చేది అందరి ఓట్లు. ఎవరు నిలబడాలో తేల్చేది పార్టీ పెద్దలు. గ్రాంట్‌ను పార్టీ నాయకుడు తప్పుబట్టినా టోటెన్‌హామ్ వదులుకోలేదు. టికెట్ కంటే ముందే ఆయనకు సంఘం ఉంది, కాలనీ ఉంది, పదేళ్ల పని ఉంది.

ఈసారి మన వాడకు ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని ఒక్క మాట అడగండి: టికెట్ రాకముందు మా కోసం ఏ పోలీస్ స్టేషన్ మెట్లెక్కావు?

జై భీమ్.