గోల్ఫ్ మైదానం చెరువైంది

హ్యూస్టన్‌కి ఆగ్నేయంగా, నాసా జాన్సన్ స్పేస్ సెంటర్ పక్కన ఉంది క్లియర్ లేక్ సిటీ. నేల బల్లపరుపు, మట్టి జిగురు. వాన నీరు త్వరగా ఇంకదు, పారదు. గట్టి వాన పడితే వీధులు నిండి, నీరు గడపలు దాటి లోపలికి వచ్చేది.

ఆ కాలనీల నడుమ పాత గోల్ఫ్ కోర్సు ఒకటి 2005లో మూతపడింది. సుమారు 180 ఎకరాలు. బిల్డర్ల కళ్ళు దాని మీద పడడంలో వింతేముంది? అక్కడా ఇళ్ళే కడితే చుట్టుపక్కల వారి గతి ఏమిటని స్థానికులు ఆందోళన చెందారు. కోర్టు వ్యవహారం నడిచాక, 2011లో ఆ భూమిని స్థానిక వాటర్ అథారిటీ కొన్నది. ఎక్స్‌ప్లొరేషన్ గ్రీన్ అని పేరు పెట్టి ఐదు చెరువులు తవ్వాలని తలపెట్టారు. అన్నీ కలిసి దాదాపు 50 కోట్ల గ్యాలన్ల వాన నీటిని పట్టుకుంటాయి.

మామూలుగా అమెరికాలో డిటెన్షన్ పాండ్ అంటే కంచె వేసిన పెద్ద గుంట, అంతే. ఇక్కడ మాత్రం గట్ల వెంబడి లోతు తక్కువగా ఉంచి తుంగ, రెల్లు వంటి స్థానిక మొక్కలు నాటారు. వీధుల్లోంచి కొట్టుకొచ్చే మురికిని ఇవి కొంతవరకు వడగడతాయి. మొక్కలు పెంచిందీ, నాటిందీ చాలావరకు వాలంటీర్లే. చుట్టూ నడక దారులు, కొంగలు, బాతులు.

అసలు పరీక్ష 2017 ఆగస్టులో హార్వీ రూపంలో వచ్చింది. అప్పటికి మొదటి చెరువు తవ్వకం కూడా పూర్తి కాలేదు. అయినా, అంతకు ముందు చిన్న వానలకే మునిగిన సుమారు 150 ఇళ్ళు ఈసారి మునగలేదు. మిగతా చెరువులు ఆ తర్వాతి ఏళ్ళలో తవ్వారు.

మనకిది కొత్త విద్యేమీ కాదు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారి సలహాపై హైదరాబాదు ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. తర్వాత నగరంలోని చెరువులెన్నిటినో పూడ్చి ప్లాట్లు వేసుకున్నది కూడా మనమే!

హ్యూస్టన్‌లో ఇల్లు కొనే మనవాళ్ళు స్కూలు రేటింగు చూసినంత శ్రద్ధగా వరద మ్యాపు చూడరు. మ్యాపు చూసినా చాలదు; హార్వీలో మునిగిన ఇళ్ళలో చాలా భాగం మ్యాపులోని వరద ప్రాంతానికి బయటే ఉన్నాయి. వీధి నీరు ఎటు పోతుందో, ఆ దారిలో చెరువుందో లేదో అడగండి. మామూలు హోమ్ ఇన్స్యూరెన్సు వరద నష్టానికి వర్తించదు. ప్రభుత్వ వరద పాలసీ విడిగా తీసుకోవాలి, అదీ సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. తుఫాను వార్త విన్నాక ఫోన్ చేస్తే లాభం లేదు.