ఏ మూల నిలబడతావు?

ఓటు రహస్యంగా వేయాలని మనం చిన్నప్పుడే సివిక్స్ పాఠంలో చదువుకున్నాం. అట్టముక్క చాటున ఒక్కళ్ళమే నిలబడి, ఎవరికీ చెప్పక్కర్లేకుండా వేసేది ఓటు. మరి అదే ఓటు పనిచేసే చోటే, యూనిఫాంలోనే, తోటి పనివాళ్ళూ యూనియన్ వాళ్ళూ చూస్తుండగా వేయాల్సి వస్తే? 2008 జనవరి 19న లాస్ వేగాస్ హోటళ్ళలో ఇదే జరిగింది. ఆ రోజు ఫలితాన్ని నేను చాలాసార్లు తిరగేసి చూశాను. యూనియన్ల గురించి మనం తేలిగ్గా అనేసే మాటలకు అది సరిపడదు.

ముందు పద్ధతి చూద్దాం. అమెరికాలో పార్టీలు తమ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి చాలా రాష్ట్రాల్లో ప్రైమరీ ఉంటుంది, అది మామూలు ఓటింగే. అప్పట్లో నెవాడాలో ఉన్నది కాకస్. అంటే ఒక సమావేశం. ఒక్కో అభ్యర్థి తరఫువాళ్ళు హాల్లో ఒక్కో పక్కకి చేరతారు, తలలు లెక్కపెడతారు. కనీసం 15 శాతం మంది లేని గుంపులోని వాళ్ళు ఇంకో గుంపులోకి మారొచ్చు. అదంతా బహిరంగమే.

ఆ ఏడాది సమావేశం శనివారం మధ్యాహ్నం. కేసినో హోటళ్ళలో గదులు సర్దేవాళ్ళు, వంటవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు ఆ టైముకి డ్యూటీలో ఉంటారు. అందుకని డెమొక్రటిక్ పార్టీ ప్రధాన వీధి 'స్ట్రిప్' మీదా, దాని చుట్టుపక్కలా బెలాజియో, సీజర్స్ పాలెస్, విన్ లాంటి తొమ్మిది చోట్ల, హోటళ్ళలోనే కాకస్‌లు పెట్టింది.

ఈ పనివాళ్ళలో ఎక్కువమంది కలినరీ యూనియన్, లోకల్ 226 సభ్యులు. అప్పటికి దాదాపు 60,000 మంది. వాళ్ళలో ఆడవాళ్ళూ, లాటినో వలసదారులూ చాలా ఎక్కువ. నెవాడా చట్టం ప్రకారం యూనియన్లో చేరడం తప్పనిసరి కాదు, అయినా చేరతారు. ఎందుకో తెలియాలంటే ఫ్రాంటియర్ హోటల్ సమ్మె గుర్తుచేసుకోవాలి. 1991 సెప్టెంబర్‌లో అక్కడ 550 మంది పని ఆపేశారు. సమ్మె ఆరేళ్ళకు పైగా, 1998 దాకా నడిచింది. ఒక్కళ్ళు కూడా పికెట్ లైన్ దాటి లోపలికి పోలేదు.

అలాంటి యూనియన్ 2008 జనవరి 9న ఒబామాకి మద్దతు ప్రకటించింది. రెండ్రోజుల్లోనే ఆ తొమ్మిది కాకస్‌లు ఆపాలని కోర్టులో కేసు పడింది. వేసినవాళ్ళలో రాష్ట్ర టీచర్ల సంఘం ఉంది. హోటల్ పనివాళ్ళకి ఇచ్చిన సౌకర్యం మిగతా ఉద్యోగులకి లేదనీ, అక్కడి ఓట్లకు ఎక్కువ బరువు వస్తుందనీ వాదన. పార్టీ ఈ ఏర్పాటుకి ఒప్పుకుని నెలలైంది, కేసు మాత్రం ఒబామాకి మద్దతు ప్రకటించాకే వచ్చింది. యూనియన్ తన సభ్యుల మీద ఒత్తిడి పెడుతోందని క్లింటన్ పక్షం ఆరోపించింది. ఫెడరల్ జడ్జి 17న కేసు పక్కనపెట్టాడు.

ఇక కాకస్ రోజు. తొమ్మిదింటిలో ఏడు చోట్ల గెలిచింది హిల్లరీ క్లింటన్.

భయపడినవాళ్ళే గెలిచారు, సరే. నాకు ముఖ్యమనిపించేది వేరే. యూనియన్ టీషర్టు వేసుకున్న మనిషి ఒక పక్కకి రమ్మంటే, అదే యూనియన్ వల్ల జీతం, పెన్షన్, వైద్యం పొందుతున్న మనిషి అందరి ముందూ రెండో పక్కకి నడిచింది. అంటే ఆమెకి యూనియన్ మీద నమ్మకం పోయిందా? పోలేదు. తర్వాతి ఒప్పందాలకీ, ఆందోళనలకీ ఆ సభ్యులే నిలబడ్డారు.

నా ఉద్దేశంలో కారణం ఇది. ఫ్రాంటియర్ సమ్మె వెనక ఏళ్ళ తరబడి భోజనాల గదుల్లో మనిషికి మనిషి చెప్పుకున్న మాటలున్నాయి. ఒబామా విషయంలో మద్దతు ప్రకటనకీ కాకస్‌కీ మధ్య ఉన్నవి పది రోజులు. తీర్మానం పైనుంచి వచ్చింది. అప్పటికే లాటినో ఇళ్ళల్లో క్లింటన్ పేరుకి చనువుంది. జీతం గురించి యూనియన్ చెబితే అది తన మాటే అనుకున్న మనిషి, అధ్యక్షుడి గురించి చెబితే సలహా అనుకుంది. సలహా వినొచ్చు, వినకపోవచ్చు.

2020లో ఇదే ఇంకో రూపంలో వచ్చింది. యూనియన్ సొంత ఆరోగ్య పథకం కింద సభ్యులూ కుటుంబాలూ కలిపి దాదాపు 1,30,000 మంది ఉన్నారు. బెర్నీ శాండర్స్ చెప్పే అందరికీ ప్రభుత్వ వైద్య బీమా వస్తే ఆ పథకం పోతుందని యూనియన్ కరపత్రాలు పంచింది. ఎవరికీ మద్దతు మాత్రం ప్రకటించలేదు. అయినా స్ట్రిప్ హోటళ్ళ కాకస్‌లలో ఎక్కువ చోట్ల శాండర్సే ముందున్నాడు. పోరాడి తెచ్చుకున్న పథకాన్ని వదులుకోవడానికి వాళ్ళు సిద్ధపడ్డారని నేను అనను. యూనియన్ లేని చోట పనిచేసే చెల్లెలో, బావో ప్రతి ఇంట్లోనూ ఉంటారు కదా, వాళ్ళ గురించి కూడా ఆలోచించి ఉంటారు.

ఇంతకీ యూనియన్ ప్రభావం లేదా? ఉంది. షిఫ్టు మధ్యలో వందలమందిని హాలుదాకా తెచ్చింది యూనియనే. కాకస్ అంటే ఏంటో నేర్పిందీ అదే. నవంబర్ ఎన్నికల్లో నెవాడాలో ఇంటింటికీ తిరిగి డెమొక్రాట్లని గట్టెక్కించేది కూడా ఈ సభ్యులే. మనిషిని ఓటుదాకా తేవడం వేరు, ఆ ఓటు ఎటో నిర్ణయించడం వేరు. నాయకులూ, పత్రికలూ, ప్రత్యర్థులూ ఈ రెంటినీ ఒకటే అనుకుని '60,000 ఓట్లు' అని లెక్కేశారు. అవి 60,000 మంది మనుషులవి.

బహిరంగంగా వేయించడం మంచిదని మాత్రం నేను చెప్పబోవడం లేదు. రెండో పక్కకి నడిచినవాళ్ళు మనకి కనిపిస్తున్నారు. నడవాలని ఉండీ నడవలేనివాళ్ళు, ఈ తంటా ఎందుకని అసలు రానివాళ్ళు ఏ లెక్కలోనూ లేరు. 2021లో నెవాడా చట్టం మార్చి రహస్య ఓటుతో ప్రైమరీ తెచ్చుకుంది. అది సరైన పనే. హోటల్ పనామె ఎటు ఓటేసిందో ఇక యూనియన్‌కి తెలియదు. తెలుసుకోవాలంటే వెళ్ళి ఆమెనే అడగాలి.