రెండు చెరసాలలు, ఒక గొంతు

పాల్వంచ దాటి భద్రాచలం దారి పట్టాక అడవి చిక్కబడుతుంది. ఇది కంచర్ల గోపన్న తహసీల్దారీ చేసిన పరగణా. ఆయనది ఖమ్మం దగ్గరి నేలకొండపల్లి. శిస్తు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని ఇక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. రామదాసుగా పేరుపడ్డ ఆ గోపన్న ముఖం ఎలా ఉంటుందని కుర్రాళ్లను అడగండి, నాగార్జునను చూపిస్తారు. 2006 నాటి సినిమా మహిమ అది. పెద్దవాళ్లయితే చిత్తూరు నాగయ్య పేరు చెబుతారు.

పేరులో చిత్తూరున్నా నాగయ్య పుట్టింది గుంటూరు సీమలోని రేపల్లెలో, 1904 మార్చి 28న. చిత్తూరు రామవిలాస సభ నాటకాలు ఆయనకు ఆ ఊరిపేరు తగిలించాయి. 1938లో 'గృహలక్ష్మి'తో తెరమీదికి వచ్చారు. నేపథ్యగానం ఇంకా కుదురుకోని రోజులు. నటుడికి గొంతే పెట్టుబడి. 'భక్త పోతన' (1942), 'త్యాగయ్య' (1946), 'యోగి వేమన' (1947) వరసగా వచ్చాయి. పోతన అంటే నాగయ్యే, త్యాగయ్య అంటే నాగయ్యే. దేవుడి పటాల పక్కన ఆయన ఫోటో పెట్టుకున్న ఇళ్లూ ఉన్నాయంటారు. నమ్మబుద్ధేస్తుంది.

అయితే నాకు ఎక్కువ ఇష్టమైన ముచ్చట 1950 నాటిది. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1862లో రాసిన 'లే మిజరబ్ల' నవలను కోయంబత్తూరు పక్షిరాజా సంస్థ తమిళంలోనూ, తెలుగులోనూ తీసింది. తెలుగులో పేరు 'బీదలపాట్లు'. రొట్టె దొంగిలించి పందొమ్మిదేళ్లు జైల్లో గడిపిన జా వాల్‌జా పాత్రకు మన నాగయ్యే ప్రాణం పోశారు. తమిళంలో వెంటాడే పోలీసు అధికారి జావర్‌గా వేసిన సీతారామన్‌కు ఆ పాత్ర పేరే ఇంటిపేరైపోయింది.

ఫ్రెంచి ఖైదీ అయిపోయాక గోల్కొండ ఖైదీ వంతు వచ్చింది. 'రామదాసు' చిత్రానికి నాగయ్యే నిర్మాత, దర్శకుడు, కథానాయకుడు. కీర్తనలూ తానే పాడుకున్నారు. ఏళ్ల తరబడి సాగి 1964లో విడుదలైంది. అప్పటికి భద్రాచలం వద్ద గోదావరి మీద వంతెన ఇంకా ప్రారంభం కాలేదు. యాత్రికులు పడవలెక్కే ఏరు దాటేవారు. ఆ ప్రాంతపు జనం ఆ సినిమాను ఎంత ఆత్రంగా చూసి ఉంటారో ఊహించుకోవలసిందే.

డబ్బు మాత్రం తిరిగి రాలేదు. సంపాదించిన రోజుల్లో అడిగినవాడికి లేదనకుండా ఇచ్చిన చేయి అది, దాచుకోవడం ఎరగదు. 1965లో పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత కూడా పొట్టకూటికి తాత వేషాలు, తండ్రి వేషాలు వేస్తూనే ఉన్నారు. 1973 డిసెంబరు 30న కన్నుమూశారు. మద్రాసు పానగల్ పార్కులో విగ్రహం నిలబెట్టారు.

గోపన్న చేయించిన నగలు భద్రాద్రి రాముడికి నేటికీ ఉన్నాయి. నాగయ్య గొంతులోని ఆ కీర్తనలు పాత రికార్డుల గరగరల మధ్య ఇంకా వినిపిస్తున్నాయి.